డ్రాయింగ్ షీట్లన్నీ ఒకే పీడీఎఫ్ చేస్తున్నారా? స్కేలు జాగ్రత్త

నమస్తే అండి. మొన్న పోరంకిలో ఒక ఇంటి సైటుకి వెళ్లాను. మేస్త్రీ గారి చేతిలో నా డ్రాయింగే ఉంది, ఏ3 ప్రింటు. అంకెలు చీమల్లా ఉన్నాయి, చదవలేక ఆయన స్కేలు పెట్టి కొలుస్తున్నారు. మూడు మీటర్ల గోడ కాగితం మీద ఒకటిన్నర సెంటీమీటర్లు వచ్చింది. "బెడ్‌రూమ్ ఇంతేనా సార్?" అన్నారు. గుండె ఝల్లుమంది నాకు. నేను గీసింది పెద్ద ఏ1 షీటుకి, 1:100 స్కేల్లో, అంటే సైటులో ఒక మీటరు కాగితం మీద ఒక సెంటీమీటరు. ప్రింట్ షాపులో దాన్ని ఏ3కి కుదించారు, ఏ1 నుంచి ఏ3కి వస్తే పొడవు, వెడల్పు రెండూ సగమవుతాయి కాబట్టి అది అసలు 1:200 అయిపోయింది, షీటు వివరాలు రాసే టైటిల్ బ్లాక్‌లో మాత్రం 1:100 అనే ఉంది. పునాది గీతలు ఇంకా వెయ్యలేదు కాబట్టి సరిపోయింది.

అందుకే ఈ వీడియో. షీట్లన్నీ ఒకటి చెయ్యడం ఎలా అని చాలామంది అడుగుతున్నారు. ముందు ఒకటి తేల్చుకోండి, మీకు కావాల్సింది ఒకే ఫైలా, ఒకే కాగితమా? రెండూ వేరు.

ఒకే ఫైలైతే తేలిక. మనం డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌లోనే పబ్లిష్ కమాండ్ ఉంది, లేఅవుట్లన్నీ, అంటే ప్రింటుకి సిద్ధం చేసిన షీట్లన్నీ ఎంచుకుని మల్టీ షీట్ ఫైల్ అని పెడితే ఒకే పీడీఎఫ్ వస్తుంది. ఇప్పటికే విడివిడి పీడీఎఫ్‌లు ఉంటే పీడీఎఫ్‌శామ్ బేసిక్ వాడండి, ఉచితం, మన కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది, క్లయింటు ఇంటి ప్లాను ఎవరి సర్వర్‌కో ఎక్కించక్కర్లేదు. ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువే. అందులో మెర్జ్‌కి వెళ్లి ఫైళ్లు వేసి వరుస సరిచూసుకోండి. పేర్లు 01, 02 అని పెట్టుకోండి, ఉత్త 1, 2 అని పెడితే కొన్ని చోట్ల 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది. పేజీలన్నీ ఒకే సైజుకి తెచ్చే ఆప్షన్ ఒకటి కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు. ఒకే పీడీఎఫ్‌లో ఒక పేజీ ఏ1, ఇంకో పేజీ ఏ3 ఉన్నా ఏ ఇబ్బందీ లేదండి, దేని సైజు దానికే ఉంటుంది.

ఒకే కాగితం మీద నాలుగు షీట్లు కావాలంటే అక్రోబాట్ రీడర్‌లో ప్రింట్ నొక్కి మల్టిపుల్ ఎంచుకుని, షీటుకి నాలుగు పేజీలు అని పెడితే చాలు. కానీ అది చూసుకోవడానికే, సైటుకి పంపొద్దు. నిజంగా ఒకే షీటు మీద ప్లాను, సెక్షను, ఎలివేషను పక్కపక్కనే కావాలంటే ఆటోక్యాడ్ లేఅవుట్‌లోనే మూడు వ్యూపోర్టులు, అంటే డ్రాయింగ్ కనిపించే కిటికీలు పెట్టి దేనికి దాని స్కేలు ఇవ్వండి, పీడీఎఫ్‌లో అతికించే పని పెట్టుకోకండి. స్క్రీన్‌షాట్లు తీసి అతికిస్తే ఇంకా ఘోరం, గీతలు బొమ్మలైపోతాయి, జూమ్ చేస్తే మసకే.

విజయవాడ గవర్నర్‌పేటలో ప్రింటు ఇచ్చినా, గుంటూరు బ్రాడీపేటలో ఇచ్చినా నోటితో చెప్పండి: "ఫిట్ వద్దు, యాక్చువల్ సైజ్ పెట్టండి." ప్రతి షీటులో గీతలతో గీసిన స్కేల్ బార్, అంటే మీటర్ల గుర్తులున్న కొలత పట్టీ కూడా పెట్టండి, కాగితం ఎంత కుదిస్తే అదీ అంతే తగ్గుతుంది కాబట్టి మేస్త్రీ మోసపోడు. ప్రింటు చేతికి రాగానే షాపు గడప దాటకముందే ఒక గోడ మీద స్కేలు పెట్టండి. 1:100లో మూడు మీటర్లకి మూడు సెంటీమీటర్లు రావాలి. రాకపోతే అక్కడికక్కడే మళ్లీ తీయించండి.