కరెంటు తీగలో డేటా ఎలా వెళ్తుంది? ఆర్కే బీచ్ కెరటంతో చెబుతాను

"కరెంటు తీగలో డేటా పంపితే, కరెంటు పోగానే డేటా కూడా పోతుందిగా?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకు. డేటాను కరెంటు మోస్తోందనుకుంటున్నారు. మోసేది తీగండీ!

సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి చూడండి. పెద్ద కెరటం నెమ్మదిగా లేస్తుంది, దాని వీపు మీదే గాలికి పుట్టిన బుల్లి అలలు పరుగెడుతుంటాయి, రెండూ ఒకే నీళ్లలో ఉన్నా దేని దారి దానిదే. మనింటి 230 వోల్టుల కరెంటు ఆ పెద్ద కెరటం, సెకనుకు 50 సార్లు లేచి పడుతుంది. పవర్‌లైన్ అడాప్టర్ అని ఉంటుంది, ఇంటి కరెంటు తీగల మీదే ఇంటర్నెట్‌ని ఒక గది నుంచి ఇంకో గదికి పంపే చిన్న డబ్బా, జంటగా ప్లగ్‌లో పెడతారు. అది పుట్టించే బుల్లి అలలు సెకనుకు 20 లక్షల నుంచి దాదాపు 3 కోట్ల సార్లు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. అంటే ఒక్క కెరటం లేచి పడేలోపు తక్కువలో తక్కువ 40 వేల అలలు! ఎన్నిసార్లు లెక్కేసినా నాకు ఆశ్చర్యమే. ఈ రెంటినీ విడదీసేది మామూలు కెపాసిటర్, నెమ్మదైన కెరటాన్ని దాదాపు ఆపేసి, వేగంగా వచ్చే అలల్ని లోపలికి వదులుతుంది.

హైటెన్షన్ లైన్ సబ్‌స్టేషన్‌లోకి దిగే చోట చాలాసార్లు పీపాలాంటి పెద్ద కాయిల్ వేలాడుతుంటుంది, చూశారా? అది వేవ్ ట్రాప్. మన ఫిషింగ్ హార్బర్ బ్రేక్‌వాటర్ పెద్ద కెరటాల్ని ఆపుతుంది కదా, ఇది తిరగేసిన బ్రేక్‌వాటర్: కెరటాన్ని పోనిచ్చి, బుల్లి అలల్ని ఆపుతుంది, అవి పక్కనున్న కమ్యూనికేషన్ పరికరాల వైపు మళ్లుతాయి. ఈ పద్ధతి పేరు పీఎల్‌సీసీ, అంటే పవర్ లైన్ క్యారియర్ కమ్యూనికేషన్. రెండు సబ్‌స్టేషన్లు ఫోన్‌లో మాట్లాడుకోవడానికి, లైన్‌లో ఫాల్ట్ వస్తే అవతలి చివర కరెంటు ఆపే బ్రేకర్‌ని కూడా వెంటనే ట్రిప్ చేయించడానికి వాడతారు. ఆ పరికరాలు 48 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి, కాబట్టి లైన్‌లో కరెంటు లేకపోయినా తీగ బాగుంటే సిగ్నల్ వెళ్తుంది. మొదట్లో చెప్పిన ప్రశ్నకు జవాబు ఇదే. ఇంట్లో అడాప్టర్ ఆగేది దానికే కరెంటు కావాలి కాబట్టి. రౌటర్, రెండు అడాప్టర్లు ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే నెట్ నడుస్తూనే ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. మిక్సీ వేస్తే నెట్ స్పీడ్ పడిపోవచ్చు, మోటారు బోటు దూసుకెళ్తే నీళ్లు చెదిరినట్టే. ఇటలీలో 2001 నుంచి సుమారు 3 కోట్ల కరెంటు మీటర్ల రీడింగ్ తీగ మీదే తెప్పించారు, కానీ అవి చాలా నెమ్మదైన సిగ్నల్స్. మన అడాప్టర్ల వేగమైన అలలకు వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటడం కష్టం, ఇంటి లోపలికే అనుకోండి. మేడ మీది గదికి వైఫై అందకపోతే పనికొస్తుంది. అడాప్టర్‌ని స్పైక్ గార్డ్‌లో పెట్టకండి, అందులో ఫిల్టర్ ఉంటే సిగ్నల్‌ని మింగేస్తుంది, నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి. త్రీ ఫేజ్ ఇల్లయితే కొనేముందే ఎలక్ట్రీషియన్‌ని అడగండి, రెండు సాకెట్లూ ఒకే ఫేజ్ మీద ఉన్నాయా అని.