వెబ్‌క్యామ్ మండపం దగ్గర, ల్యాప్‌టాప్ మూలన: యూఎస్‌బీ కేబుల్ దూరం లాగడం ఎలా?

నమస్తే అండీ. ల్యాప్‌టాప్ ఇక్కడ, వెబ్‌క్యామ్ అదిగో అక్కడ. మధ్యలో దాదాపు పది మీటర్లు. ఫంక్షన్ హాల్లో పెళ్లి లైవ్ ఇచ్చేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.

ముందు ఇది చూడండి, మామూలు ఎక్స్‌టెన్షన్ కేబుల్. ఇలాంటివి రెండు కలిపి గుచ్చేద్దాం అనుకుంటాం కదా? వద్దు. యూఎస్‌బీ 2.0లో ఒక కేబుల్‌కి 5 మీటర్లే హద్దు. ఎందుకంటే, కంప్యూటర్ పిలిస్తే కెమెరా వెంటనే పలకాలి. దారి పొడుగైతే జవాబు ఆలస్యం, కంప్యూటర్ ఇక అక్కడ ఎవరూ లేరనుకుంటుంది.

అందుకే ఇది. యాక్టివ్ కేబుల్, 10 మీటర్లు. ఇక్కడ లావుగా ఉంది చూశారా, లోపల చిప్ ఉంటుంది. సిగ్నల్‌ని మళ్లీ గట్టిగా చేసి ముందుకు పంపిస్తుంది. ఈ కొస ల్యాప్‌టాప్‌కి, ఆ కొసకి కెమెరా. గుచ్చేశాం. అంతే.

అంతేనా? నేనూ అలాగే అనుకున్నాను. మా బంధువుల పెళ్లిలో పొద్దున్నుంచీ బాగానే వచ్చింది, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైముకి బొమ్మ ఆగిపోయింది! అమెరికా నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ టెన్షన్ నాకు తెలుసు. పీకి గుచ్చితే వస్తుంది, రెండు నిమిషాలకి మళ్లీ పోతుంది. కేబుల్ పాడైందనుకున్నాను. కాదు, కరెంట్ చాలట్లేదు.

ఈ ముక్క కాస్త నిదానంగా చెప్తాను. డేటా సంగతి చిప్ చూసుకుంటుంది, కరెంట్ సంగతి మాత్రం చూడదు. 5 వోల్టులూ ఆ సన్న తీగల్లోంచే రావాలి. 28 గేజ్ అనే సన్న తీగ అయితే, రానూ పోనూ 20 మీటర్లకి కరెంట్‌కి అడ్డు (రెసిస్టెన్స్) నాలుగు ఓమ్‌ల పైనే. కెమెరా 300 మిల్లీఆంప్స్ లాగిందంటే వోల్టుకి పైగా దారిలోనే పోయింది. ఊరికే ఉన్నప్పుడు తక్కువ లాగుతుంది కాబట్టి కంప్యూటర్‌కి కనిపిస్తుంది, వీడియో నడుస్తుంటే ఎక్కువ లాగి ఏదో ఒక క్షణంలో పడిపోతుంది. ఇదిగో యూఎస్‌బీ టెస్టర్, కెమెరా దగ్గరికి ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూపిస్తుంది. చూడండి... 3.8. మళ్లీ చూడండి, 3.8. కనీసం 4.75 ఉంటే నిశ్చింత. ఈ టెస్టర్ చిన్నదే గానీ, నా సంచిలో మల్టీమీటర్ కంటే దీన్నే ముందు తీస్తాను.

మందు ఏంటంటే, కెమెరా గుచ్చే కొస దగ్గర ఈ చిన్న రంధ్రం. అడాప్టర్ ఇక్కడ పెట్టాలి. ల్యాప్‌టాప్ వైపు కాదు, కెమెరా వైపు! అదీ 5 వోల్టులదే. రౌటర్ అడాప్టర్ పిన్ను కూడా ఇందులో పడుతుంది, అది చాలావరకు 12 వోల్టులు. పెట్టారో, కెమెరా గోవిందా. ఆ... ఇప్పుడు చూడండి, 5.05.

విండోస్ కీ, ఎక్స్, తర్వాత ఎమ్. కంప్యూటర్‌కి ఏమేం తగిలించామో చూపించే డివైస్ మేనేజర్ వచ్చేసింది, నేనెప్పుడూ ఇలాగే తెరుస్తాను. కెమెరా ఉంది. సరే.

ఇంకా దూరం, 30, 40 మీటర్లు కావాలంటే క్యాట్ 6, అంటే నెట్‌వర్క్ వైరుతో పనిచేసే ఈ రెండు యూఎస్‌బీ ఎక్స్‌టెండర్ డబ్బాలు తీసుకోండి. వైరు చూసి రౌటర్‌కి గుచ్చకండి, డబ్బా నుంచి డబ్బాకి నేరుగానే.

ఇప్పుడు వీడియో ఆన్ చేసి అరగంట అలా వదిలేస్తున్నాను. ఈలోపు డెకరేషన్ వాళ్లు కేబుల్ మీద కుర్చీ పెట్టకుండా టేప్ వేసేద్దాం.