చెంచాతో తినే స్పగెట్టి

శ్రోతలకు నమస్కారం.

రేకు డబ్బాలో నిలవ చేసిన పాస్తా పేరు చెబితే ఇటలీ వంటవారు ముఖం చిట్లిస్తారు. ఉడికిన పాస్తా పంటికి కాస్త తగలాలన్నది వారి పట్టింపు. డబ్బాలోదేమో నాలుకతో అదిమితేనే నలిగిపోతుంది. అయినప్పటికీ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ తరాల తరబడి పిల్లలు దానినే ఇష్టపడి తిన్నారు. పెద్దలు లోపంగా ఎంచిన ఆ మెత్తదనమే పిల్లల్ని ఆకట్టుకున్నదని నా అభిప్రాయం.

ఆ మెత్తదనానికి కారణం తయారీలోనే ఉంది. పాస్తాను టొమాటో సాస్‌తో కలిపి డబ్బాలో నింపి, గాలి చొరబడకుండా మూత బిగించి, సూక్ష్మజీవులు నశించేదాకా ఆవిరి ఒత్తిడిలో వేడి చేస్తారు. ఆ వేడికి గోధుమ పిండి మరింత ఉబ్బుతుంది. ఆపైన డబ్బా అంగడిలో ఉన్నంత కాలమూ సాస్‌లో నానుతూనే ఉంటుంది. మూత తీసి వంచితే అది నారింజరంగు ముద్దగా, ఒక్కోసారి డబ్బా అంచుల గీతలతో సహా, గిన్నెలోకి జారుతుంది. చూడటానికి అంత ముచ్చటగా ఉండదు, నిజమే.

అమెరికాలో ఈ సరుకును ఇంటింటికీ చేర్చినవారిలో ఎత్తోరె బోయార్ది ప్రముఖులు. 1897లో ఇటలీలోని పియాచెంజాలో పుట్టిన ఆయన, 1914లో అమెరికా చేరి, హోటళ్లలో వంట చేసి, క్లీవ్‌లాండ్‌లో సొంత భోజనశాల తెరిచారు. సాస్ రుచి మరిగినవారు ఇంటికి కూడా కావాలని అడిగితే పాల సీసాలలో నింపి ఇచ్చేవారట. ఆ గిరాకీ చూసి 1928లో కర్మాగారం పెట్టారు. అక్కడి సరుకు పేరే షెఫ్ బోయార్డీ. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులకూ ఆయన కర్మాగారం నుంచే డబ్బాలు వెళ్లాయి.

అయితే అది ఇంటిల్లిపాది తినే భోజనం. పిల్లలనే దృష్టిలో పెట్టుకొని క్యాంప్‌బెల్ సంస్థ 1965లో స్పగెట్టియోస్ అనే డబ్బా పాస్తాను విడుదల చేసింది. దారాల్లాంటి పొడవాటి పాస్తా అయిన స్పగెట్టి ఫోర్కుకు చుట్టబోతే జారిపోతుంది, పీలిస్తే తోక ఎగిరి చొక్కా మీద సాస్ చిమ్ముతుంది. ఈ చిక్కు తీర్చే పనిలో పడిన డొనాల్డ్ గోర్కీ అనే ఉద్యోగి బృందం కౌబాయ్‌లు, వ్యోమగాములు, నక్షత్రాల వంటి ఆకారాలను పరిశీలించి, చివరకు చిన్న వలయాన్ని ఎంచుకుంది. చెంచాతో తినగల చక్కని గుండ్రటి స్పగెట్టి అని ప్రకటనల పాటలో చాటారు. మన ఇళ్లలో పసివాడి పప్పన్నాన్ని చేత్తో మెదిపి పెట్టినట్టు, అక్కడ ఆ మెదిపే పని కర్మాగారమే చేసింది. పెద్దల చేయి అక్కరలేకుండా పిల్లవాడు తానే తినగలిగాడు. పిల్లలకు ఇంతకంటే గొప్ప ఆకర్షణ ఏముంటుంది?

బ్రిటన్‌లో హైంజ్ సంస్థ 1926 నుంచే డబ్బా స్పగెట్టి అమ్ముతోంది. కాల్చిన రొట్టె మీద దానిని పరుచుకొని తినడం అక్కడి అలవాటు. అప్పట్లో చాలామందికి స్పగెట్టి అంటే అదొక్కటే తెలుసు. అందుకే 1957 ఏప్రిల్ 1న బీబీసీ టీవీ ఏప్రిల్ ఫూల్ సరదాకి స్విట్జర్లాండ్‌లో చెట్లకు స్పగెట్టి కాస్తున్నట్టు చూపితే, ఆ చెట్టును పెంచడం ఎలాగని అడిగినవారూ ఉన్నారు. అక్కడి పిల్లలకు వలయాల, అక్షరాల ఆకారాల్లోనూ డబ్బా స్పగెట్టి వచ్చింది. పళ్లెం అంచున తన పేరు పేర్చుకునే పిల్లవాడిని త్వరగా తినమని ఎవరు మాత్రం ఒప్పించగలరు!

సాస్‌లోని తీపి, ఉప్పు తల్లిదండ్రులను కలవరపెట్టే మాట వాస్తవం. చక్కెర అదనంగా కలపని రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పాస్తా మాత్రం మునుపటంత మెత్తగానే ఉంది.