బళ్లో మాట్లాడని పిల్లలు: భాష కొత్తదా, ఆటిజమా?

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో, బడికి కొత్తగా వెళ్తున్న పిల్లల గురించి ఒక మాట తరచూ వినపడుతుంది. "మా గుంటడు బళ్లో ఎవరితోనూ మాటాడ్డండీ. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా కదా, అలవాటైతే అదే సర్దుకుంటాది." చాలామంది విషయంలో ఇది నిజమే. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు నోరు విప్పకుండా వింటూనే ఉంటారు, తర్వాత ఒక్కసారిగా అందుకుంటారు. అయితే ఈ మాట చాటునే, ఆటిజం ఉన్న పిల్లలు, అంటే నలుగురితో కలవడంలో, మాట్లాడటంలో ఎదుగుదల వేరుగా ఉండే పిల్లలు కొందరు ఎవరి కంటా పడకుండా తరగతులు దాటిపోతున్నారు. ఇంట్లోవాళ్లూ మాస్టార్లూ కూడా భాష మీదకి తోసేసి ఊరుకుంటున్నారు. నా బాధంతా అక్కడే.

అందుకని బడి సంగతి కాసేపు పక్కనపెట్టి, సొంత భాషలో బిడ్డ ఎలా ఉందో చూడండి. బళ్లో నోరెత్తని పాప ఇంటికి రాగానే "అమ్మా, ఇవాళేమైందో తెలుసా" అంటూ, ఎవరి పెన్సిలు ఎవరు తీశారో, టీచరమ్మ ఎవర్ని తిట్టిందో, చేతులు తిప్పుతూ మీ మొహంలోకి చూస్తూ పూసగుచ్చినట్టు చెబుతోందా? అయితే ఆ మౌనం కొత్త భాష వల్లే అయ్యుండొచ్చు. తెలుగులో కూడా ఆ కబుర్లు లేవంటే మాత్రం ఆలోచించాలి.

ఆటిజం అనగానే మాటలు రాని పిల్లలే గుర్తొస్తారు. గలగలా మాట్లాడేవాళ్లూ ఉంటారు. ఏడేళ్ల బాబు ఒకడున్నాడనుకోండి. గుణుపురం రైలంటే వాడికి ప్రాణం. నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ అంటూ ఇంటికొచ్చిన చుట్టానికి స్టేషన్లు ఏకరువు పెడతాడు. ఆయన లేచి చెప్పులు వేసుకుంటున్నా ఆపడు. "నువ్వెప్పుడైనా ఆ రైలెక్కావా నాన్నా?" అని అడిగితే జవాబుండదు, మళ్లీ నౌపడ నుంచి మొదలు. ఆకలేస్తే "నీకు ఆకలేస్తోందా?" అంటాడు, అమ్మ రోజూ తనని అడిగే ప్రశ్నే తిరిగి అప్పజెబుతూ. "నోటికి తాళం వేసుకో" అంటే తాళం ఎక్కడుందని వెతుకుతాడు. చుట్టాలేమో "ఎంత జ్ఞాపకశక్తో!" అని మురిసిపోతారు. ఆ జ్ఞాపకశక్తి నిజమైనదే, మెచ్చుకోవలసిందే. దాని పక్కనున్న మిగతావి కూడా చూడమని నేను అడుగుతున్నాను.

బళ్లో గంట కొట్టగానే చెవులు మూసుకుని బల్ల కిందకి దూరే పిల్లలున్నారు. రోజూ వెళ్లే దారి మార్చి ఇంకో సందులోంచి తీసుకెళ్తే రోడ్డు మీదే కూలబడి ఏడుస్తారు. చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకున్నా భరించలేరు. అన్నంలో పప్పు కలిపితే ముద్ద ముట్టరు. తోటివాళ్లు ఆడుకుంటుంటే చుట్టూ తిరుగుతారు, ఆటలో కలవడం ఎలాగో తెలియదు. వాళ్లు వేళాకోళం చేస్తే అది వేళాకోళమని పోల్చుకోలేరు. ఇదంతా పెద్దలకి మొండితనంలా కనిపిస్తుంది, వీపు మీద దెబ్బ పడుతుంది. దయచేసి ఆ దెబ్బ ఆపండి. చెవుల్లో మోత భరించలేక ఏడుస్తున్న బిడ్డకి అది ఎందుకు పడిందో కూడా అర్థం కాదు.

ఆడపిల్లల్లో గుర్తించడం మరీ కష్టం. పక్కపిల్లని చూసి నవ్వడం, తలూపడం నేర్చేసుకుంటారు కొందరు. బళ్లో బుద్ధిమంతురాలని పేరు, ఇంటికొచ్చాక గంటసేపు ఏడుపు.

వీటిలో ఏదో ఒకటి కనిపించగానే కంగారు పడొద్దు. సిగ్గు వల్లో, వినికిడి లోపం వల్లో, మరో ఇబ్బంది వల్లో కూడా ఇలాంటివి ఉండొచ్చు. చెవుల పరీక్ష తప్పకుండా చేయించండి. ఇలాంటివి నాలుగైదు కలిసి, చిన్నప్పటి నుంచీ, ఇంటా బయటా కనిపిస్తుంటే, వాటివల్ల చదువుకో ఆటకో అడ్డం వస్తుంటే, అప్పుడు నిపుణులకి చూపించాలి.

రెండు భాషల వల్ల ఆటిజం రాదు, ఉన్నది ముదరదు. "ఇంట్లో తెలుగు మానేయండి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నాయనమ్మ జోలపాట తెలుగులోనే ఉండనివ్వండి. తల్లి పెంపకం వల్లా రాదు. టీకాల వల్లా రాదు. ఆ అనుమానం పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని, అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ఆటిజాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. నయం చేస్తామనేవాళ్ల చేతిలో డబ్బు పోయకండి. మాట నేర్పే స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, ఓపికున్న మాస్టారు, వీటితో బిడ్డ ఎంతో ముందుకు వస్తుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల వరకు పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు. ప్రభుత్వ బడులకి వైద్య బృందమే వస్తుంది. ఆ రోజు మీ అనుమానం మాస్టారి చేత చెప్పించండి. లేదా జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ గురించి అడగండి. పిల్లల ఎదుగుదల లోపాలని తొలిదశలోనే చూసే కేంద్రమది. బరంపురం దగ్గరున్నవాళ్లకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉండనే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. నిర్ధారణ అయితే ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, దాంతో నిరామయ బీమాలో చేరితే ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు వస్తుంది.

వెళ్లేముందు బిడ్డ ఆడుకునేటప్పుడు, అన్నం తినేటప్పుడు, ఏడ్చేటప్పుడు ఫోన్లో చిన్నచిన్న వీడియోలు తీసి ఉంచుకోండి. ఆసుపత్రిలో కొత్త మొహాలు చూసి బిడ్డ బిగుసుకుపోతే అవే పనికొస్తాయి. బిడ్డతో తెలుగులో కూడా మాట్లాడి చూడమని డాక్టరుని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. రోజంతా బిడ్డతో ఉండేది అమ్మమ్మో నాయనమ్మో అయితే, ఆమెకి ఒడియా రాకపోయినా సరే, ఆమెనీ వెంటబెట్టుకెళ్లండి. ఆమె చెప్పింది పక్కనుండి మీరు ఒడియాలో చెప్పండి.