వెనకాల స్థలంలో చర్చి, స్కూలు వస్తాయట: న్యూజెర్సీ కాలర్ల ఫోన్-ఇన్

యాంకర్: హలో, చెప్పండమ్మా, లైన్‌లో ఉన్నారు.

కాలర్ 1: నమస్తే అండి, సోమర్సెట్ కౌంటీ నుంచి చేస్తున్నా. మా ఇంటెనకాల ఖాళీ స్థలం ఉందండి, అందులో చర్చి, దాంతోపాటు ఎనిమిదో క్లాసు దాకా స్కూలు కడతామని వేరియెన్స్‌కి, అంటే జోన్ రూల్ నుంచి మినహాయింపుకి, అప్లై చేశారంట, సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీస్ వచ్చింది, ఇది రెసిడెన్షియల్ జోన్ కదా ఎలా కడతారండీ, మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే గోల, పిటిషన్ మీద సంతకాలు కూడా మొదలెట్టేశారు.

ప్లానర్: ముందు ఆ సంతకాల పని ఆపండి మేడమ్. ఇలాంటి అప్లికేషన్లు తేల్చే ఇక్కడి జోనింగ్ బోర్డులు పిటిషన్‌ని సాక్ష్యంగా తీసుకోవు, సంతకం పెట్టినవాళ్లని ఎదురు ప్రశ్నలు వెయ్యలేరు కదా. మనిషి వచ్చి ప్రమాణం చేసి మాట్లాడాలి. మీ ఇల్లు ఆ స్థలానికి 200 అడుగుల లోపే ఉండుంటుంది, అందుకే నోటీస్ వచ్చింది.

కాలర్ 1: అంటే ఆపలేమా?

ప్లానర్: ఆపడం కష్టం, నిజం చెప్తున్నా. న్యూజెర్సీలో స్కూలు ఊరికి మేలు చేసేదని చట్టమే అంటుంది, ప్రార్థనా స్థలాల్ని కోర్టులు అదే లెక్కలో చూస్తాయి. ఆ మేలుకీ చుట్టుపక్కల ఇబ్బందికీ తూకం ఎలా వెయ్యాలో 1992లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది, షరతులు పెట్టి ఇబ్బంది తగ్గించొచ్చని కూడా అంది. బోర్డులో ఏడుగురుంటే ఐదు ఓట్లు పడాలి అప్లై చేసినవాళ్లకి, అది చిన్న విషయం కాదు. మీరు గెలిచేది ఆ షరతుల దగ్గరే.

యాంకర్: గ్రూప్‌లో 'వాళ్లు' అనే మాట తిరుగుతోందా అమ్మా?

కాలర్ 1: ...కొంచెం అండి.

ప్లానర్: అది అక్కడే ఆపెయ్యండి, జోనింగ్ పేరుతో ప్రార్థనా స్థలాలపై వివక్ష చూపకూడదని 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం ఉంది, రేపు మన గుడికి పనికొచ్చేదీ అదే. మీ కౌంటీలోనే బెర్నార్డ్స్ టౌన్‌షిప్ ఒక మసీదుని పార్కింగ్ పేరుతో 39 హియరింగ్‌లు తిప్పి కాదంది, కేసు పడి 2017లో 32.5 లక్షల డాలర్లకి సెటిల్ అయింది. మీరు ట్రాఫిక్ ఇంజనీర్ని అడగండి, కార్లు ఏ రోజు లెక్కపెట్టారు, స్కూళ్ల సెలవుల్లోనా? పొద్దున పిల్లల్ని దించే డ్రాప్-ఆఫ్ లైన్‌లో ఎన్ని కార్లు లోపల పడతాయి, మిగతావి మీ వీధిలో నిలబడతాయా? వాన నీళ్లు ఎటు పోతాయి?

కాలర్ 1: అదేనండీ అసలు బాధ, పెద్ద వాన పడితే బేస్‌మెంట్‌లో నీళ్లు తోడే సంప్ పంప్ రాత్రంతా ఆడుతూనే ఉంటుంది.

ప్లానర్: అయితే ఇది చెప్పండి బోర్డుకి, ఫొటోలు మీరే తీసి తీసుకెళ్లండి. ప్లాన్లు హియరింగ్‌కి పది రోజుల ముందే టౌన్‌షిప్ ఆఫీసులో పెట్టాలి, వెళ్లి వాన నీళ్లు నిలిపే చెరువు ఎటువైపు గీశారో చూడండి. పిల్లల సంఖ్యకి పరిమితి, బయట స్పీకర్లు వద్దు, కంచె పక్కన పచ్చని చెట్లు, ఏది ఒప్పుకున్నా బోర్డు రాసిచ్చే తీర్మానం, అదే రెజొల్యూషన్‌లో రాయించాలి. నోటిమాట కట్టడం అయ్యాక గుర్తుండదు.

యాంకర్: ఇంకో కాలర్.

కాలర్ 2: వందనాలు అన్నా, మేం ఆదివారం ఆరాధనకి స్కూల్ జిమ్ అద్దెకు తీసుకుంటాం, కుర్చీలు వెయ్యడం తియ్యడంతోనే సరిపోతుంది, మేమూ స్థలం చూస్తున్నాం, ఈ అక్క లాంటివాళ్లే అడ్డుపడతారని భయం.

ప్లానర్: అప్లికేషన్ పెట్టకముందే ఆ వీధివాళ్లని పిలిచి మాట్లాడండి బ్రదర్, చాలామంది లాయర్ చేతిలో పెట్టేసి ఊరుకుంటారు, నోటీస్ కవరు చూసే పొరుగువాళ్లకి విషయం తెలుస్తుంది, అక్కడే చెడుతుంది. స్కూలు, ఆరాధన ఒకే టైముకి పెట్టకండి.

కాలర్ 1: నేను లైన్‌లోనే ఉన్నానండి... తమ్ముడూ, మీరు ఏ టౌన్‌లో చూస్తున్నారు?