పేరులో నక్షత్రం, గ్లాసులో బీరు

శ్రోతలకు నమస్కారం.

బెల్జియంలోని లూవెన్ పట్టణంలో అవుదె మార్క్ట్ అనే పాత సంత చౌకు ఉంది. దాని చుట్టూ దాదాపు అన్నీ బీరు అమ్మే దుకాణాలే. అక్కడ కూర్చుని "పింట్యె" అని ఒక్క మాట అంటే చాలు, పావు లీటరు లాగర్ రకం బీరు తెచ్చి ముందు పెడతారు. ఏ బీరు కావాలని మామూలుగా అడగరు. ఆ దుకాణంలో కొళాయికి ఏది తగిలించి ఉంటే అదే. ఆ ఊరిలో తయారయ్యే లాగర్ పేరు స్టెల్లా ఆర్త్వా. మనవాళ్లు హోటల్లో అడుగు పెట్టగానే టీ చెప్పినంత మామూలుగా దానిని అక్కడివాళ్లు తాగుతారు.

అదే బీరు సముద్రం దాటి బ్రిటన్ చేరేసరికి దొరబాబు అయింది. నిజానికి దాటింది పేరు మాత్రమే. 1976 నుంచి ఒక బ్రిటిష్ సంస్థ అనుమతి తీసుకుని దానిని అక్కడే తయారు చేయసాగింది. అప్పట్లో అందులో ఆల్కహాల్ 5.2 శాతం. బ్రిటన్‌లో మామూలు లాగర్లు అంతకంటే పలుచన కాబట్టి, దీని మీద పన్ను ఎక్కువ, ధరా ఎక్కువ. ధర ఎక్కువన్న సంగతిని దాచిపెట్టవలసిన వ్యాపారి, దానినే గొప్పగా చాటాడు. "భరోసా కలిగించేంత ఖరీదు" అన్న అర్థం వచ్చే నినాదం 1980ల ఆరంభం నుంచి 2007 వరకు నడిచింది. ఫ్రాన్సు పల్లెల నేపథ్యంలో, ఫ్రెంచి సంభాషణలతో సినిమాల్లాంటి ప్రకటనలు వచ్చాయి. లూవెన్ వాసులు మాట్లాడేది డచ్చి భాష అన్న చిన్న విషయం ఎవరికీ అడ్డు రాలేదు!

సీసా చీటీ మీద 1366 అనే సంవత్సరం కనిపిస్తుంది. అది లూవెన్‌లో డెన్ హోర్న్ అనే పాత బీరు కర్మాగారానికి సంబంధించినది. సెబాస్టియన్ ఆర్త్వా దానిని కొన్నది 1717లో. స్టెల్లా పుట్టింది 1926లో, క్రిస్మస్ పండుగ కోసం. లాటిన్‌లో ఆ మాటకు నక్షత్రం అని అర్థం. ఇలాంటి బంగారు రంగు లాగర్ మొట్టమొదట తయారైందే 1842లో, ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ నగరంలో. కాబట్టి 1366 నాటి లూవెన్ వాసి ఈ గ్లాసును చూస్తే ఇది ఏ పానీయమని అడిగి ఉండేవాడు.

ఇక రుచి సంగతి. నేను దీనిని రెండు విధాలుగా చూశాను. మొదట కంపెనీ చెప్పిన పద్ధతిలో, కాడ ఉన్న వారి గ్లాసులో, బాగా చల్లగా. చూపుకు ముచ్చటగా ఉంది: లేత బంగారు వన్నె, తెల్లని నురగ, కింది నుంచి తీగలా లేచే బుడగలు. నోట్లో చురుక్కుమనే చల్లదనం, గొంతు దాటగానే ఏమీ మిగలని శుభ్రత. ఎండలో నడిచి వచ్చిన మనిషికి అంతకంటే ఏం కావాలి? కానీ అంత చల్లదనంలో నాలుక సగం మొద్దుబారుతుంది, వాసనలు పైకి లేవవు. చల్లగా తాగమని గట్టిగా చెప్పే బీరును ఒకసారి చల్లదనం తగ్గనిచ్చి తాగడం న్యాయమని నాకు తోచింది.

రెండోసారి దానిని మామూలు గాజు గ్లాసులో పోయించి, పక్కన ఒక చౌక లాగర్‌ను, ఒక చెక్ పిల్స్నర్‌ను, అంటే పిల్సెన్ తరహా లాగర్‌ను, పెట్టించి, ఏది ఏదో తెలియకుండా రుచి చూశాను. పిల్స్నర్‌ను వెంటనే పట్టుకున్నాను. బీరులో వేసే హాప్ పువ్వు చేదు, మెంతికూర చేదులా, మింగిన తరువాత కూడా నాలుక వెనుక నిలిచింది. మిగిలిన రెంటిలో స్టెల్లా ఏదో చెప్పడానికి మూడు గుక్కలు పట్టింది. చల్లదనం తగ్గాక దానిలో ఉడికిన మొక్కజొన్న పొత్తు ఆవిరిని తలపించే తీపి బయటపడింది. దీని తయారీలో బార్లీ మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో) పాటు మొక్కజొన్న కూడా వాడతారు; మొక్కజొన్న బీరును తేలిక చేస్తుంది. అది లోపం కాదు, కానీ ఆ తేలికదనానికి అంత కిరీటం ఎందుకన్నదే నా సందేహం. దాని చేదు మర్యాదగా వచ్చి, త్వరగా సెలవు తీసుకుంటుంది.

పచ్చ సీసా గురించి ఒక మాట చెప్పాలి. వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు మారి, గంధకం కలిసిన ఘాటైన దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును బాగా ఆపుతుంది, పచ్చ సీసా అంతగా ఆపలేదు. అయినా విదేశీ బీరుకు పచ్చ సీసాయే దర్జా అన్న నమ్మకం పాతుకుపోయింది. దీపాల కింద అల్మారాలో మెరిసే సీసాను చూసి మురిసే ముందు, పెట్టెలో చీకట్లో ఉన్నదానిని అడగడం మంచిది.

బ్రిటన్‌లో ఆ 5.2 శాతం 2008లో 5కు, 2012లో 4.8కు, తరువాత 4.6కు దిగింది. చీటీ మీద 1366 మాత్రం దిగలేదు.

ఈ వేషం మనకూ కొత్త కాదు. అమెరికాలో బంతాటల మైదానాల్లో జనం మామూలుగా తాగే బడ్‌వైజర్, హైదరాబాద్ దుకాణాల్లో ప్రీమియం వరుసకు ఎక్కింది. 2008 నుంచి అదీ, స్టెల్లా ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. బడ్‌వైజర్‌ను తేలిక చేసేది మొక్కజొన్న కాదు, బియ్యం. మన వంటింట్లో గంపెడున్న బియ్యమే.

లూవెన్‌లో నా పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన పత్రికలోంచి తల ఎత్తకుండానే రెండో పింట్యె తెప్పించుకున్నాడు. దాని పేరు ఆయన చెప్పలేదు, తెచ్చినవాడూ చెప్పలేదు.