మనోభావాల రూలు తీసేద్దాం

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్లే. అపార్ట్‌మెంటుది కావచ్చు, ఊరిది కావచ్చు, పదో తరగతి బ్యాచ్‌ది కావచ్చు. మీ గ్రూపు రూల్స్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "ఎవరి మనోభావాలూ దెబ్బతినే పోస్టులు పెట్టరాదు" అనే లైను అందులో ఉండే ఉంటుంది. ఆ లైను తీసేయమని అడగడానికే వచ్చాను.

ఇలాంటి రూలే ఒకప్పుడు మన దేశంలో చట్టంగా ఉండేది. ఐటీ చట్టంలో సెక్షన్ 66ఏ. ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో పంపిన మెసేజ్ తీవ్ర అభ్యంతరకరమని పోలీసులు అనుకుంటే చాలు, కేసు పెట్టొచ్చు, మూడేళ్ల దాకా జైలు. 2012 నవంబరులో శివసేన నేత బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి మూతపడింది. ఈ బంద్ ఎందుకని ముంబయి దగ్గరి పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఆమె స్నేహితురాలు దానికి లైక్ కొట్టింది, ఇద్దరినీ అరెస్టు చేశారు. లైక్ కొట్టినందుకు కూడా అరెస్టు! అప్పుడు శ్రేయా సింఘల్ అనే లా విద్యార్థిని సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్ (మన కృష్ణా జిల్లా ఆయనే), జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్‌ని మొత్తంగా కొట్టేశారు. ఒక విషయాన్ని చర్చించడం, దాని తరఫున గట్టిగా వాదించడం, ఎదుటివాళ్లకి ఎంత చేదుగా ఉన్నా సరే, వాక్ స్వాతంత్ర్యం కిందికే వస్తాయని, నేరానికి ఉసిగొల్పే దాకా వెళ్తేనే అడ్డుకోవచ్చని ఆ తీర్పు గీత గీసింది.

వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేయడానికి పెట్టింది, మీ అపార్ట్‌మెంటు గ్రూపు కోసం కాదు. నిజమే. కానీ అడ్మిన్ చేతిలో ఉన్న అధికారం చూడండి. నోటీసు లేదు, వాదన లేదు, అప్పీలు లేదు, ఒక్క నొక్కుతో మనిషి గ్రూపు బయట ఉంటాడు. అంత అధికారం ఉన్నప్పుడు రూలు ఇంకా స్పష్టంగా ఉండాలి కదా?

మనోభావం ఎప్పుడు దెబ్బతింటుందో రాసినవాడికి ముందుగా తెలియదు. చేసే పని ఏమిటో మాత్రం తెలుస్తుంది. ఊరి గ్రూపులో ఎవరో "సర్పంచ్ గారూ, మంచినీళ్ల ట్యాంకు రిపేరుకి వచ్చిన డబ్బు లెక్క పెట్టండి, మూణ్నెల్లుగా అడుగుతున్నాం" అని రాశారనుకోండి. సర్పంచ్ గారు నొచ్చుకుంటారు, ఆయన బంధువులు ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారు, అయినా ఆ మెసేజ్ ఉండాల్సిందే. కింద ఇంకొకరు "మీ కులమే అంత, మీ ఆడవాళ్ల సంగతి కూడా చెప్పమంటావా" అని రాస్తే అది పోవాలి. మొదటిది లెక్క అడిగింది, రెండోది మనిషిని తిట్టింది. కులం మీద, ఇంటి ఆడవాళ్ల మీద, రూపం మీద మాటలు వద్దు, బెదిరింపులు వద్దు, ఇంకొకరి ఫోన్ నంబరు, ఫొటో వాళ్లని అడక్కుండా పెట్టొద్దు. ఇలా రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

"అసలు మనం ఎందుకు కలగజేసుకోవాలి, వాళ్లే కొట్టుకుని ఆగుతారు" అనే అడ్మిన్లు కూడా ఉన్నారు. నేను ఒప్పుకోను. బూతులు మొదలవగానే ముందు నోరు మూసుకునేది ఆడవాళ్లు, గొడవ పడలేని పెద్దవాళ్లు, ఊళ్లో బలం లేనివాళ్లు. వాళ్లు గ్రూపులోంచి వెళ్లిపోరు, మ్యూట్‌లో పెట్టి ఊరుకుంటారు, మనకి తెలియను కూడా తెలియదు. అరిచేవాడి స్వేచ్ఛ లెక్కలోకి వస్తుంది, మాట్లాడటం మానేసినవాళ్లది రాదు. నాకు బాధ కలిగించేది అదే.

కొందరికి కేసుల టెన్షన్. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కాబట్టి భయంతో కనిపించిందల్లా తీసేయకండి.

2022 నుంచి అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ డిలీట్ చేయొచ్చు. దాని స్థానంలో అడ్మిన్ తొలగించారని మాత్రం కనిపిస్తుంది, ఎందుకో కనిపించదు. ఇక ఊహాగానాలు మొదలు: మా వాడు కాబట్టి తీశారు, ఫలానా పార్టీ కాబట్టి తీశారు. తీసిన వెంటనే కింద ఒక్క వాక్యం రాయండి, "ఇంటి ఆడవాళ్ల ప్రస్తావన ఉంది కాబట్టి తీశాను, లెక్కల గురించిన ప్రశ్న మళ్లీ పెట్టండి" అని. మీ తమ్ముడు రాసినా అదే పద్ధతి. మనిషిని తీసేయాల్సి వస్తే ముందు ఫోన్ చేయండి, ఎన్ని రోజులకో చెప్పండి, ఆ గడువు అయ్యాక మీరే మళ్లీ చేర్చుకోండి. తిట్టింది అడ్మిన్‌నే అయితే ఆ నిర్ణయం రెండో అడ్మిన్ తీసుకోవాలి. రెండో అడ్మిన్ లేని గ్రూపులవాళ్లు ఇంటికెళ్లే లోపు ఒకరిని పెట్టుకోండి, వీలైతే మీతో ఎప్పుడూ వాదించే మనిషిని.